పేరు ఉంది, కానీ దొరకలేదు: రిలీజ్ నోట్స్‌లో ఒక వాక్యం విలువ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పేరును దేవనాగరి లిపిలో కంప్యూటర్‌లో రెండు విధాలుగా దాచవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. అచ్చు తీసినా తేడా ఉండదు. అయినా ఒక రూపంలో దాచిన పేరును రెండో రూపంలో వెతికితే, చాలా డేటాబేస్‌లు 'అలాంటి పేరు లేదు' అని జవాబు చెబుతాయి. రాయ్‌పూర్ నుంచి రాసే ప్రతి చిరునామాలోనూ ఈ రాష్ట్రం పేరు ఉంటుంది. కాబట్టి ఇది పండితుల వాదన కాదు, రోజువారీ సమస్య.

ఈ సమస్యకు సాఫ్ట్‌వేర్‌లో పరిష్కారాలు వస్తున్నాయి. కొత్త వెర్షన్‌లో ఏ పరిష్కారం వచ్చిందో చెప్పేవి రిలీజ్ నోట్స్. ఏం మారింది, ఏం మారలేదు, పాత అలవాట్లలో ఏవి ఇక పనిచేయవు అన్నది వాటిలో ఉంటుంది. వేల పేజీల మాన్యువల్‌ను అందరూ చదవరు. డేటాబేస్‌ను నడిపే ఇంజినీరు చాలాసార్లు రిలీజ్ నోట్స్‌లోని ఒక్క వాక్యాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటారు. ఆ వాక్యం అసలు సాఫ్ట్‌వేర్ చేసేదానికంటే కొంచెం ఎక్కువ చెబితే, దాని ఫలితం ఎక్కడో ఒక కౌంటర్ దగ్గర నిలబడిన మనిషి మీద పడుతుంది.

లైక్ ఎలా వెతుకుతుంది?

డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. 1986లో అమెరికాలో ప్రమాణంగా గుర్తింపు పొందిన ఈ భాషలో, పేరులో కొంత భాగం మాత్రమే తెలిసినప్పుడు వెతకడానికి 'లైక్' అనే పదం వాడతారు. దీనికి రెండు గుర్తులు తోడుగా ఉంటాయి. శాతం గుర్తు (%) ఉన్నచోట ఎన్ని అక్షరాలైనా ఉండవచ్చు, అసలు లేకపోయినా పరవాలేదు. కింది గీత (_) ఉన్నచోట సరిగ్గా ఒక అక్షరం ఉండాలి. '%పూర్' అని అడిగితే రాయ్‌పూర్, బిలాస్‌పూర్ లాంటివన్నీ రావాలి. 'రాయ్%' అని అడిగితే రాయ్‌పూర్, రాయ్‌గఢ్ రావాలి. ఇలా నమూనాతో పోల్చి చూడడాన్నే ప్యాటర్న్ మ్యాచింగ్ అంటారు.

ఇక్కడ 'అక్షరం' అన్న మాటే మొదటి చిక్కు. మనం అక్షరం అనుకునేది వేరు, కంప్యూటర్ అనుకునేది వేరు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే సంకేత పట్టికగా 1991లో మొదలైన యూనికోడ్‌లో, తెలుగు హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు మరో సంకేతం, పొల్లుకు ఇంకో సంకేతం ఉంటాయి. 'స్త్రీ' అన్నది మనకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈత్వం. వెబ్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి. అంటే ఒక్క 'స్త్రీ'కి 18 బైట్లు.

ఇంగ్లీషులో ఈ మూడు లెక్కలూ ఒకటే. ఒక అక్షరమంటే ఒక సంకేతం, ఒక బైటు. అందుకే ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన సాఫ్ట్‌వేర్ అన్ని పరీక్షల్లోనూ పాసవుతుంది. లోపం ఉందన్న సంగతి తెలుగు పేరో, హిందీ పేరో పడినప్పుడే బయటికి వస్తుంది.

ఒకే పేరు, పలు రూపాలు

రాష్ట్రం పేరు చివర దేవనాగరిలో 'ఢ' కింద ఒక చుక్క ఉంటుంది. దాన్ని నుక్తా అంటారు. ఈ చుక్క ఢకారానికి యూనికోడ్‌లో విడిగా ఒకే సంకేతం ఉంది. దశాంశ సంఖ్యల్లో దాని విలువ 2397. మామూలు ఢకారం (2338) పక్కన నుక్తా (2364) పెట్టినా అదే అక్షరం వస్తుంది. మొదటి పద్ధతిలో రాష్ట్రం పేరుకు ఎనిమిది సంకేతాలు, రెండో పద్ధతిలో తొమ్మిది. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది. కానీ సంకేతానికి సంకేతాన్ని పక్కపక్కన పెట్టి పోల్చే ప్రోగ్రాముకు అవి రెండు వేర్వేరు పదాలు.

తెలుగులోనూ ఇలాంటిది ఒకటుంది. హైదరాబాద్‌లోని ఐత్వానికి ఒకే సంకేతం (3144) ఉంది. ఎత్వపు గుర్తు (3142), దాని కింద వచ్చే ఐత్వపు పొడవు గుర్తు (3158) కలిపి రాసినా అదే 'హై' కనిపిస్తుంది. అప్పుడు హైదరాబాద్‌కు తొమ్మిది సంకేతాల బదులు పది పడతాయి. శ్రీశైలం, రైలు, వైద్యం లాంటి ఐత్వమున్న ప్రతి మాటకూ ఇదే వర్తిస్తుంది. మామూలు కీబోర్డుతో టైప్ చేస్తే ఒకే సంకేతం పడుతుంది. పాఠాన్ని విడదీసి దాచే వ్యవస్థల నుంచి వచ్చిన ఫైళ్లలో మాత్రం రెండు సంకేతాల రూపం ఎదురవుతుంది.

రాయ్‌పూర్ పేరులో మరో రకం చిక్కు ఉంది. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా మారుతుంది. అలా మారకుండా ఆపడానికి 'య్'కీ 'పూ'కీ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం పెడతారు. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొందరు దాన్ని పొల్లు అక్షరంతో ముగిసే మాట చివర కూడా వదిలేస్తారు. పేరు మధ్యలో అది లేకపోతే 'పూ' కాస్తా వత్తుగా మారి కంటికి తెలుస్తుంది. పేరు చివర ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు. '%పూర్' అని వెతికినప్పుడు, పేరు చివర ఆ కనిపించని సంకేతం ఉన్న వరుస మాత్రం తప్పిపోతుంది. ఎందుకంటే ఆ పేరు కంప్యూటర్ దృష్టిలో 'ర్'తో ముగియలేదు.

రాయ్‌పూర్‌లో ఇది మరింత గట్టిగా తగులుతుంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. తెలుగు కుటుంబాలు అక్కడ చాలాకాలంగా ఉంటున్నాయి. ఒకే మనిషి పేరు బడి రికార్డులో దేవనాగరిలో, బ్యాంకులో ఇంగ్లీషులో, ఊళ్లోని కాగితాల్లో తెలుగులో ఉండడం అక్కడ మామూలే. రేషన్ పంపిణీని కంప్యూటర్లలోకి ముందుగా తెచ్చిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. కార్డుదారు తనకు నచ్చిన దుకాణంలో సరుకులు తీసుకునే పద్ధతిని 2012 ప్రాంతంలో మొదట రాయ్‌పూర్‌లోనే ప్రవేశపెట్టారు. ఇలాంటి పథకాల్లో మనిషిని సాధారణంగా కార్డు నంబరుతో గుర్తిస్తారు. నంబరు చేతిలో లేనప్పుడు పేరే ఆధారం. ఎక్కడైనా సరే, ఆ పేరు వెతకడంలో తప్పు జరిగితే 'రికార్డు లేదు' అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు విన్న మనిషికి సంకేతాల సంగతి తెలియదు. తన పేరు కొట్టేశారనే అనుకుంటాడు.

పన్నెండో వెర్షన్ తెరిచిన తలుపు

ఈ సమస్యను డేటాబేస్ స్థాయిలోనే పరిష్కరించే ప్రయత్నాన్ని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో స్పష్టంగా చూడవచ్చు. ఇది ఎవరైనా ఉచితంగా వాడుకోగల డేటాబేస్. దీని మూలకోడ్, అందులో చేసిన ప్రతి మార్పు, ఆ మార్పుకు కారణం, అన్నీ బహిరంగంగానే ఉంటాయి. ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది. ఒక్కో వెర్షన్‌కు ఐదేళ్లపాటు దిద్దుబాట్లు అందుతాయి.

పేర్లను ఏ వరుసలో పేర్చాలి, ఏ రెండింటిని సమానంగా చూడాలి అన్న నియమాల సముదాయాన్ని కొలేషన్ అంటారు. మామూలు కొలేషన్‌లో బైట్లన్నీ ఒకటైతేనే రెండు పదాలు సమానం. 2019 అక్టోబరులో వచ్చిన 12వ వెర్షన్ ఈ పట్టును సడలించింది. నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్ అనే కొత్త రకాన్ని అనుమతించింది. బైట్లు వేరైనా, భాషా నియమాల ప్రకారం ఒకటే అయిన పదాలను ఇది సమానంగా చూస్తుంది. రెండు రూపాల ఛత్తీస్‌గఢ్, రెండు రూపాల హైదరాబాద్, కనిపించని సంకేతం ఉన్న రాయ్‌పూర్, లేని రాయ్‌పూర్, ఇవన్నీ జంటలుగా సమానమైపోతాయి.

అయితే ఈ సౌకర్యం పూర్తి పేరును పూర్తి పేరుతో పోల్చినప్పుడే. ప్యాటర్న్ మ్యాచింగ్‌కు ఇది వర్తించదని మాన్యువల్‌లో స్పష్టంగా రాశారు. అలాంటి కొలేషన్ ఉన్న గడిలో లైక్ వాడితే, ఆ పని కుదరదంటూ డేటాబేస్ ఎర్రర్ చూపేది. 12 నుంచి 17 వరకు ఇదే పరిస్థితి. పేరు పూర్తిగా తెలిసినవాడికి అది దొరుకుతుంది, సగమే తెలిసినవాడికి దొరకదు. కానీ సగం పేరుతో వెతకడమే మామూలుగా జరిగే పని.

మధ్యలో 2020 సెప్టెంబరులో వచ్చిన 13వ వెర్షన్ మరో పనిముట్టు ఇచ్చింది. పాఠాన్ని ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చే నార్మలైజ్ అనే ఫంక్షన్ అది. ఇక్కడో విచిత్రం ఉంది. ఎన్‌ఎఫ్‌సీ అనే ఎక్కువ వాడుకలో ఉన్న ప్రామాణిక రూపం తెలుగు ఐత్వాన్ని ఒకే సంకేతంగా కలుపుతుంది, దేవనాగరి చుక్క ఢకారాన్ని మాత్రం రెండు సంకేతాలుగా విడదీస్తుంది. ఏ దిక్కుకు మార్చినా అంతటా ఒకేలా మారుస్తుంది కాబట్టి పోలికకు ఇబ్బంది లేదు. కాని కనిపించని జాయినర్ సంకేతాన్ని ఇది తీసేయదు. 'నార్మలైజ్ చేస్తే భారతీయ భాషల సమస్య పోతుంది' అని ఎవరైనా రాస్తే, అందులో సగమే నిజం.

పద్దెనిమిది ఏం ఇచ్చింది?

2024 నవంబరులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మూలకోడ్‌లో పీటర్ ఐసెన్‌ట్రాట్ ఒక మార్పు చేర్చారు. దానితో నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్ ఉన్న గడిలో కూడా లైక్ పనిచేస్తుంది. 2025 సెప్టెంబరు 25న విడుదలైన 18వ వెర్షన్‌లో అది అందరికీ అందింది.

ఈ పని అంత సులువు కాదు. మామూలు లైక్ ఒక్కో సంకేతాన్ని చూసుకుంటూ ముందుకు నడుస్తుంది. కొత్త పద్ధతిలో అలా నడవడం కుదరదు, ఎందుకంటే ఎనిమిది సంకేతాల మాట తొమ్మిది సంకేతాల మాటతో సమానం కావచ్చు. అందుకని నమూనాను % గుర్తు, _ గుర్తు ఉన్నచోట ముక్కలు చేస్తారు. వెతికే పేరును కూడా అందుకు తగ్గ ముక్కలుగా కోయగలమా అని చూస్తారు. గుర్తులు లేని ప్రతి ముక్కా పేరులోని ఒక ముక్కతో కొలేషన్ ప్రకారం సమానం కావాలి. '%పూర్' అన్నప్పుడు, చివర కనిపించని సంకేతం అంటుకున్న 'పూర్' కూడా 'పూర్'తో సమానమే కాబట్టి రాయ్‌పూర్ దొరుకుతుంది.

ఈ మార్పు గురించి 18వ వెర్షన్ రిలీజ్ నోట్స్‌లో ఉన్నది చాలా చిన్న వాక్యం. నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్లతో లైక్ పోలికలను అనుమతిస్తున్నామన్నదే దాని సారాంశం. 'ప్యాటర్న్ మ్యాచింగ్' అనకుండా 'లైక్' అని చెప్పడంలోనే దాని కచ్చితత్వం ఉంది. అదే విషయాన్ని ఎవరైనా తమ సంస్థ కోసం, తమ ఉత్పత్తి కోసం తిరగరాసేటప్పుడు 'ఇకపై ప్యాటర్న్ మ్యాచింగ్ అన్ని కొలేషన్లలో పనిచేస్తుంది' అని రాశారనుకుందాం. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. రెండో వాక్యం నాలుగు చోట్ల తప్పు.

మొదటిది, ప్యాటర్న్ మ్యాచింగ్ అంటే లైక్ ఒక్కటే కాదు. పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా చూడని 'ఐలైక్' ఉంది. 1999 నాటి ప్రమాణంలో వచ్చిన 'సిమిలర్ టు' ఉంది. మరింత సంక్లిష్టమైన నమూనాలకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఉన్నాయి. ఈ మూడూ 18లో కూడా నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్లతో పనిచేయవు.

రెండోది, వెర్షన్ మార్చినంత మాత్రాన ఏ పేరూ కొత్తగా దొరకదు. ఒక డేటాబేస్‌కు సహజంగా ఉండే కొలేషన్ పాత పద్ధతిదే. కొత్త రకం కొలేషన్‌ను ఎవరో ఒకరు సృష్టించి, పేర్ల గడికి కేటాయించాలి. లేదా వెతికేటప్పుడు ప్రశ్నలోనే దాన్ని పేర్కొనాలి.

మూడోది, _ గుర్తు ఇప్పటికీ ఒక సంకేతాన్నే సూచిస్తుంది, కొలేషన్ ఏదైనా సరే. 'స్త్రీ' కోసం ఒక్క గీత పెడితే దొరకదు, ఆరు గీతలు కావాలి. తెలుగు అక్షరాలను లెక్కపెట్టి నమూనా రాసేవారికి ఇది తెలియాలి.

నాలుగోది వేగం. మామూలు కొలేషన్‌లో తగిన ఇండెక్స్ ఉంటే 'రాయ్%' లాంటి ప్రశ్నకు, పుస్తకం వెనక ఉండే పదసూచిక చూసినట్టు, నేరుగా ఆ పేజీకి వెళ్లవచ్చు. కొత్త పద్ధతిలో % గుర్తున్న నమూనాకు ఆ దారి లేదు. వరుసలన్నీ చదవాల్సిందే. వెయ్యి పేర్లలో ఇది తెలియదు, కోటి పేర్లలో తెలుస్తుంది.

ఎర్రర్ వస్తే మంచిదే, జవాబు తప్పితే కాదు

పై తప్పుల్లో ఐలైక్ సంగతి కాస్త నయం. దాన్ని వాడితే డేటాబేస్ ఎర్రర్ చూపుతుంది. ప్రోగ్రామర్‌కు ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. అయితే చాలా అప్లికేషన్లలో, డేటాబేస్ నుంచి ఏ ఎర్రర్ వచ్చినా తెరపై 'ఫలితాలు లేవు' అని చూపే కోడ్ ఉంటుంది. అప్పుడు గట్టిగా అరిచిన హెచ్చరిక కాస్తా నిశ్శబ్దంగా తప్పుడు జవాబైపోతుంది. వెర్షన్ మార్చకముందు రిలీజ్ నోట్స్‌ను నమ్మిన ఇంజినీరు, ఆ పోలిక పనిచేస్తుందనే అనుకుంటారు కాబట్టి, అక్కడ వెతకరు. పేరు లేదని చెప్పిన గుమాస్తాదీ తప్పు కాదు. అతని తెర అదే చెప్పింది.

నిశ్శబ్దంగా తప్పే పోలికకు మైఎస్‌క్యూఎల్ చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. 2018 జనవరిలో వచ్చిన 8.0.4 వెర్షన్‌కు ముందు, ఆ డేటాబేస్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను బైట్ల లెక్కన పోల్చేది. అక్కడ చుక్క గుర్తుకు అర్థం 'ఏదో ఒక అక్షరం'. నిజానికి అది 'ఏదో ఒక బైటు'గా పనిచేసేది. ఫలితంగా, సరిగ్గా మూడు అక్షరాల పేర్లు కావాలని మూడు చుక్కలతో అడిగితే, మూడు బైట్లున్న ఒంటి 'క' కూడా జాబితాలోకి వచ్చేది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఒకటి కంటే ఎక్కువ బైట్ల అక్షరాలతో ఊహించని ఫలితాలు రావచ్చని ఆ వెర్షన్ల మాన్యువల్‌లో రాశారు. రిలీజ్ నోట్స్ మాత్రమే చూసి ముందుకు వెళ్లినవారికి ఆ హెచ్చరిక కంటబడకపోవచ్చు.

8.0.4లో పాత లైబ్రరీ స్థానంలో ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీని పెట్టారు. భారతీయ భాషలకు ఇది పెద్ద మేలు. అయితే పదం మొదలు, చివర సూచించే పాత గుర్తులు కొత్త లైబ్రరీలో పనిచేయవు. మేలు జరిగిన మార్పులోనే పాత ప్రశ్నలు కొన్ని విరిగిపోయాయన్నమాట. అందుకే రిలీజ్ నోట్స్‌లో 'యూనికోడ్ మద్దతు మెరుగైంది' అన్న వాక్యం ఒక్కటే సరిపోదు. ఏ గుర్తు మారిందో కూడా అందులో ఉండాలి.

తప్పు ఎక్కడ పుడుతుంది?

రిలీజ్ నోట్స్‌లో తప్పులు నిర్లక్ష్యం వల్లే రావు. వాటిని తయారుచేసే పద్ధతిలోనే ప్రమాదం ఉంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఏడాది పాటు మూలకోడ్‌లో చేరిన మార్పులన్నిటినీ చదివి, వాడుకరికి అవసరమైనవి ఏరి, ఒక్కోదాన్ని ఒకటి రెండు వాక్యాలకు కుదిస్తారు. చాలా ఏళ్లుగా పెద్ద వెర్షన్ల నోట్స్ కూర్పు బ్రూస్ మోమ్‌జియన్ చేస్తున్నారు. లైక్ మార్పు చేర్చినప్పుడు దానితోపాటు రాసిన వివరణలో, ఐలైక్‌కు ఇది వర్తించదన్న మాట కూడా ఉంది. పది పన్నెండు వాక్యాల వివరణ ఒక వాక్యం అయినప్పుడు ఇలాంటి 'కాదు'లే ముందుగా రాలిపోతాయి. 'ఏం చేస్తుంది' మిగులుతుంది, 'ఏం చేయదు' పోతుంది.

ఆ వాక్యాన్ని మరో సంస్థ తన ప్రకటనలోకి తీసుకుంటుంది. దాన్ని ఇంకెవరో వేరే భాషలోకి మారుస్తారు. ఒక్కో మజిలీలో 'లైక్' కాస్తా 'ప్యాటర్న్ మ్యాచింగ్' అవుతుంది, ఆపై 'సెర్చ్' అవుతుంది, చివరికి 'అన్ని భాషల్లో సెర్చ్' అవుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ మొదటి వాక్యానికీ చివరి వాక్యానికీ పొంతన లేదు.

అందుకే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రిలీజ్ నోట్స్‌ను కూడా కోడ్‌లాగే చూస్తారు. అవి మూలకోడ్‌తో పాటే ఉంటాయి. బీటా విడుదలకు ముందే ముసాయిదాను బయట పెడతారు. తుది విడుదల వరకు, అవసరమైతే ఆ తర్వాత కూడా, దిద్దుబాట్లు చేరుతూనే ఉంటాయి. ఏ వాక్యం ఎప్పుడు, ఎందుకు మారిందో చరిత్రలో నిలిచి ఉంటుంది. తప్పుగా ఉన్న వాక్యాన్ని చూపడానికి ప్రోగ్రామర్ కానక్కరలేదు. సాక్ష్యం ఉంటే చాలు.

సాక్ష్యం ఎలా ఉండాలి?

'మీ నోట్స్ తప్పు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పనికొచ్చే దిద్దుబాటులో ఐదు విషయాలుంటాయి. ఏ వెర్షన్, ఏ కొలేషన్, ఏ పోలిక వాడారు. ఏ పదాలతో పరీక్షించారు, వాటిలోని సంకేతాల సంఖ్యలేమిటి. ఏ జవాబు రావాలి. ఏ జవాబు వచ్చింది. చివరగా, ఉన్న వాక్యం బదులు ఏ వాక్యం పెట్టాలి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నిజానికి అదే ముఖ్యం, ఎందుకంటే దిద్దేవారికి కావలసింది ఫిర్యాదు కాదు, అక్కడ పెట్టగల వాక్యం.

సంకేతాల సంఖ్యలు ఎందుకంటే, కనిపించని తేడాను ఈమెయిల్‌లో అతికిస్తే అది దారిలోనే మారిపోవచ్చు. కొన్ని ప్రోగ్రాములు కాపీ చేసేటప్పుడు పాఠాన్ని నార్మలైజ్ చేసేస్తాయి. అప్పుడు అవతలివారికి రెండు పేర్లూ ఒకటే అందుతాయి. వారు పరీక్షించి 'ఇక్కడ బాగానే ఉందే' అంటారు. '2338, 2364' అని సంఖ్యలు రాస్తే ఆ గందరగోళం ఉండదు.

తెలుగు, హిందీ రెండూ తెలిసిన రాయ్‌పూర్ లాంటి చోట ఇలాంటి పరీక్షకు కావలసిన సరుకంతా చేతిలోనే ఉంటుంది. 1956లో గనులు, లోహశాస్త్ర కళాశాలగా మొదలై 2005లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన ఎన్‌ఐటీ రాయ్‌పూర్, 2015లో ఏర్పడిన నయా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీ అక్కడే ఉన్నాయి. ఏ కళాశాలలోనైనా ఒక మధ్యాహ్నంలో ఈ ప్రయోగం చేయవచ్చు. ఏడు వరుసల పట్టిక చాలు: రెండు రూపాల్లో దేవనాగరి ఛత్తీస్‌గఢ్, రెండు రూపాల్లో హైదరాబాద్, జాయినర్ సంకేతం అసలు లేకుండా ఒకటి, మధ్యలో మాత్రమే ఉన్నది ఒకటి, మధ్యలోనూ చివరా ఉన్నది ఒకటిగా రాయ్‌పూర్ మూడు సార్లు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 17లో మామూలు కొలేషన్‌తో '%పూర్' అని అడిగితే రాయ్‌పూర్ రెండుసార్లే వస్తుంది. చివర కనిపించని సంకేతం ఉన్నది రాదు. నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్‌తో అదే అడిగితే ఎర్రర్ వస్తుంది. 18లో అదే కొలేషన్‌తో అడిగితే మూడూ వస్తాయి. లైక్ బదులు ఐలైక్ పెడితే 18లోనూ ఎర్రరే. ఈ నాలుగు ఫలితాలు పక్కపక్కన పెడితే, పైన చెప్పిన రెండు వాక్యాల్లో ఏది నిజమో, ఏది కాదో వాదన లేకుండా తేలిపోతుంది.

ఇదే పట్టికతో ఇంకో మంచి పని కూడా జరుగుతుంది. రాష్ట్రం పేరును చుక్క లేకుండా మామూలు ఢకారంతో రాసిన ఎనిమిదో వరుసను చేర్చి చూడవచ్చు. చుక్క మరచిపోవడం సంకేతాల తేడా కాదు, రాతలో తేడా. యూనికోడ్ దృష్టిలో అవి సమాన రూపాలు కావు. దాన్ని కూడా ఒకటిగా చూడాలా వద్దా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చే విషయం కాదు, ఆ రికార్డులు ఎవరివో వారు తేల్చుకోవలసినది. మరీ కఠినంగా పోలిస్తే ఉన్న మనిషి లేకుండా పోతాడు. మరీ ఉదారంగా పోలిస్తే ఇద్దరు మనుషులు ఒకరైపోతారు. రిలీజ్ నోట్స్ ఈ గీత ఎక్కడ ఉందో కచ్చితంగా చెప్పినప్పుడే, దాన్ని ఎక్కడికి జరపాలో మిగతావారు నిర్ణయించుకోగలరు.

నోట్స్ చిన్నవిగా ఉండడం తప్పు కాదు. అన్నీ చెప్పడానికి మాన్యువల్ ఉంది. కానీ చేయనిదాన్ని చేస్తుందని చెప్పడం, కోడ్‌లో దోషం లాంటిదే. 'ప్యాటర్న్ మ్యాచింగ్' అన్న రెండు మాటలు కొట్టేసి 'లైక్' అని పెట్టడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఎవరూ వెచ్చించకపోతే, ఎక్కడో ఒక ఇంజినీరు రెండు రోజులు లేని దోషం కోసం వెతుకుతారు, ఎక్కడో ఒక పేరు ఉండి కూడా దొరకకుండా పోతుంది.